ఏడు నెలలు వాడాక చెప్తున్నా: స్మార్ట్ వెయింగ్ మిషన్ బరువుకి మంచిదే, దాని బీఎంఐ రంగులు మాత్రం నమ్మకండి

నిరుడు శ్రావణమాసంలో ఆన్‌లైన్ ఆఫర్‌లో ఒక బ్లూటూత్ వెయింగ్ మిషన్ కొన్నాను. 1,399 రూపాయలు. నల్లటి అద్దం పలక, దాని మీద నాలుగు స్టీలు బిళ్లలు, కింద మూడు సన్న సెల్స్. ఫోన్లో యాప్ వేసుకుని ఎక్కి నిలబడితే బరువు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె), కొవ్వు శాతం, కండ శాతం, ఒంట్లో నీరు, ఎముకల బరువు, "బాడీ ఏజ్" అంటూ పదమూడు అంకెలు చూపిస్తుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి, కొనేవాళ్లకి ఆ పద్ధతి తెలిస్తే చాలు.

నా సంగతి కొంచెం చెప్పాలి. విజయనగరం దగ్గర ఒక జెడ్పీ హైస్కూల్లో పీడీగా పనిచేస్తున్నాను. 22 ఏళ్లుగా పిల్లల్ని పరిగెత్తించడం, కబడ్డీ ఆడించడం, షాట్‌పుట్ వేయించడం నా ఉద్యోగం. వయసు 46, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. పొద్దున్న గ్రౌండ్‌లో పిల్లలతో పాటు నేనూ నాలుగు రౌండ్లు పరిగెడతాను. మావారు ఆఫీసులో కుర్చీ ఉద్యోగం చేస్తారు. 172 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోలు. పెళ్లినాటి ప్యాంటు కొలతే ఇప్పటికీ అని చుట్టాలందరూ అంటుంటారు. నడుము దగ్గర గుండీ పెట్టడానికి ఆయన ఎంత ఊపిరి బిగబట్టాలో నాకు తెలుసు.

మిషన్ వచ్చిన రోజు సాయంత్రం ఇద్దరం ఎక్కాం. నాకు బీఎంఐ 27.2, నారింజ రంగు, "ఓవర్ వెయిట్", బాడీ ఏజ్ 53. ఆయనకి 21.6, ఆకుపచ్చ రంగు, "హెల్దీ", వందకి 91 మార్కులు. ఆయన సంతోషపడ్డారు. నేను నిజంగానే బాధపడ్డాను. ఎందుకంటే దానికి సరిగ్గా నెల ముందు, ఆషాఢ పౌర్ణమికి ఇద్దరం కలిసి సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లాం. 32 కిలోమీటర్లు. నేను రాత్రంతా నడిచి తెల్లారేసరికి కొండ చుట్టి వచ్చాను. ఆయన హనుమంతవాక దగ్గరే ఆగిపోయారు. పిక్కలు పట్టేశాయి, ఆయాసం వచ్చేసింది, తమ్ముడు బండి మీద వచ్చి తీసుకెళ్లాడు. అలాంటి ఇద్దరిలో ఈ మిషన్ ఆకుపచ్చ రంగు ఎవరికిచ్చిందో చూడండి.

అప్పటినుంచి దీన్ని పట్టుకుని పరీక్షలు చేస్తూనే ఉన్నాను. మొదట మంచి చెప్తాను.

బరువు విషయంలో మిషన్‌కి వంక పెట్టడానికి లేదు. మా స్కూల్లో వెయిట్‌లిఫ్టింగ్ ప్లేట్లున్నాయి. స్టోర్‌రూమ్‌లో బండల నేల మీద పెట్టి చూశాను. 20 కిలోలకి 20.0, 40కి 39.9, 60కి 60.0. ఇంట్లో 26 కిలోల బియ్యం బస్తా ఎత్తుకుని ఎక్కి, బస్తా లేకుండా మళ్లీ ఎక్కి తీసేస్తే 26.1 వచ్చింది, గోనె బరువుతో కలిపి అంత ఉండాల్సిందే. నేల మాత్రం గట్టిగా, సమంగా ఉండాలి. చాప మీదో కార్పెట్ మీదో పెడితే కిలో, కిలోన్నర తేడా చూపిస్తుంది. ఒకే చోట, పొద్దున్నే, పరగడుపున ఎక్కండి. ఏడు నెలలైనా సెల్స్ ఒక్కసారీ మార్చలేదు. స్నానం చేసి తడి కాళ్లతో ఎక్కకండి, అద్దం జారుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఇలాంటి మిషన్ ఎక్కకూడదని పెట్టెలో వచ్చిన కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంది. అది పెద్ద అక్షరాల్లో ఉండాల్సిన మాట.

ఇక కొవ్వు శాతం. అరికాళ్లకి తగిలే ఆ స్టీలు బిళ్లల్లోంచి మనకి తెలియనంత చిన్న కరెంటు ఒక కాల్లోంచి ఎక్కి రెండో కాల్లోంచి దిగుతుంది. నీరు ఎక్కువగా ఉండే కండలోంచి కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులోంచి కష్టంగా పోతుంది. ఆ అడ్డు ఎంతుందో కొలిచి, మనం యాప్‌లో ఇచ్చిన వయసు, ఎత్తు, ఆడా మగా, బరువు కలిపి ఒక లెక్క వేస్తుంది. అంటే కొవ్వుని అది నేరుగా కొలవడం లేదు, అంచనా కడుతోంది. పైగా కరెంటు ఎక్కువగా కాళ్లలోంచే పోతుంది కాబట్టి పొట్ట దగ్గర ఏముందో దానికి సరిగ్గా తెలియదు. మన జనానికి తెలియాల్సింది ఆ పొట్ట సంగతే.

ఒక ఆదివారం పొద్దున్న ఆరింటికి ఎక్కాను. 68.0 కిలోలు, కొవ్వు 36.4 శాతం. లీటరు నీళ్లు తాగి పది నిమిషాలాగి మళ్లీ ఎక్కాను. 69.0 కిలోలు, కొవ్వు 37.0. నీళ్లలో కొవ్వెక్కడిది? బరువు పెరిగింది, కాళ్లలో కరెంటుకి అడ్డు మాత్రం అలాగే ఉంది, అంటే పెరిగిందంతా కొవ్వేనని లెక్క కట్టేసింది. సాయంత్రం గ్రౌండ్ నుంచి చెమటతో వచ్చి ఎక్కితే 34.1. ఒక్కరోజులో మూడు శాతం కొవ్వు ఏ మనిషికీ కరగదు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది సెట్టింగ్స్‌లో కనిపించిన "అథ్లెట్ మోడ్" అనే బటన్. దాన్ని నొక్కి, చెప్పుల్లేకుండా అదే చోట, అదే నిమిషంలో ఎక్కాను. 36.4 కాస్తా 29.8 అయిపోయింది. బాడీ ఏజ్ 53 నుంచి 44కి దిగింది. నా ఒంట్లో ఏమీ మారలేదు, ఫోన్లో ఒక బటన్ మారింది. వారానికి మూడు రోజులు వ్యాయామం చేసేవాళ్లు అథ్లెట్ కిందికి వస్తారా, ఐదు రోజులు చేసేవాళ్లా అన్నది యాప్‌లో ఎక్కడా రాయలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడిగితే "మీకు ఏది కరెక్ట్ అనిపిస్తే అది పెట్టుకోండి మేడమ్" అన్నారు. నాకు ఏది సరైనదో తెలిస్తే మిషన్ ఎందుకు కొంటాను?

ఇక అసలు విషయం, బీఎంఐ. చాలామంది దీన్ని మిషన్ కనిపెట్టి చెప్తోందనుకుంటారు. ఇందులో మిషన్ చేసేది ఏమీ లేదు. కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించడమే. నా 68ని 1.58తో ఒకసారి, వచ్చినదాన్ని 1.58తో మళ్లీ భాగిస్తే 27.2. ఎనిమిదో తరగతి పిల్లలు చేసే లెక్క. మీరిచ్చిన ఎత్తు తప్పయితే ఇదీ తప్పే. మా ఆడపడుచు తన ఎత్తు 160 అని పెట్టింది, గోడకి నిలబెట్టి తల మీద పుస్తకం ఆనించి పెన్సిల్‌తో గీత గీసి కొలిస్తే 156. ఆ నాలుగు సెంటీమీటర్లకే ఆవిడ రంగు ఆకుపచ్చ నుంచి నారింజకి మారింది.

ఈ లెక్క కట్టినాయన డాక్టరు కూడా కాదు. బెల్జియం దేశపు అడాల్ఫ్ కెట్లే, నక్షత్రాల మీద, గణాంకాల మీద పనిచేసిన మనిషి. 1830లలో "సగటు మనిషి" ఎలా ఉంటాడో తెలుసుకోవాలని జనం కొలతలు పోగుచేస్తూ, పెద్దవాళ్లలో బరువు దాదాపుగా ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతోందని గమనించాడు. ఒక మనిషికి జబ్బుందో లేదో, దమ్ముందో లేదో తేల్చడం ఆయన ఉద్దేశం కాదు. తర్వాత 1972లో అమెరికాలో ఆన్సెల్ కీస్ అనే పరిశోధకుడి బృందం ఐదు దేశాల్లో ఏడు వేలకు పైగా మనుషుల కొలతలు తీసుకుని, అప్పటికి వాడుకలో ఉన్న లెక్కలతో పోల్చి, ఇదే మేలని దీనికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది. వాళ్లు కొలిచినవాళ్లంతా మగవాళ్లే. పిల్లల్ని కన్న 46 ఏళ్ల ఆడదాని ఒంటికి, షాట్‌పుట్ వేసే ఆడపిల్ల ఒంటికి ఆ లెక్కలో చోటు లేదు.

బరువు ఏ సరుకుదో ఈ లెక్కకి తెలియదు. కండదైనా, కొవ్వుదైనా, ఎముకదైనా ఒకటే. మా ఉత్తరాంధ్ర వాళ్లకి ఈ మాట వేరేగా చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో పోటీ చేసి, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. 69 కిలోల బరువుండే ఐదడుగుల నాలుగంగుళాల మనిషి ఎవరైనా ఈ మిషన్ ఎక్కితే బీఎంఐ 26 దాటుతుంది, నారింజ రంగు వస్తుంది. మా జిల్లాలోనే కొండవెలగాడ అనే ఊరుంది, ఇంటింటా బరువులెత్తే పిల్లలుంటారు. ఆ పిల్లల తొడలు, వీపులు చూసినవాళ్లెవరూ "ఓవర్ వెయిట్" అనే మాట నోటితో అనలేరు.

పోలీస్ కానిస్టేబుల్ సెలక్షన్లకి మా పాత విద్యార్థులు నా దగ్గరికొచ్చి ప్రాక్టీస్ చేస్తుంటారు. అక్కడ ఎత్తు కొలుస్తారు, మగపిల్లలకి ఛాతీ కొలుస్తారు, ఆ తర్వాత 1,600 మీటర్లు పరిగెత్తమంటారు. లాంగ్‌జంప్ ఉంటుంది. చూడ్డానికి బక్కగా ఉన్న కుర్రాడు మూడో రౌండ్‌లో పక్కకి తప్పుకోవడం, గుండ్రంగా ఉన్న కుర్రాడు టైమ్‌లో వచ్చేయడం ఎన్నిసార్లు చూశానో. ఖేలో ఇండియా యాప్‌లో మా పిల్లల ఫిట్‌నెస్ ఎక్కించేటప్పుడు కూడా తొమ్మిదేళ్లు దాటినవాళ్లకి బీఎంఐ ఒకటే సరిపోదు. 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, కూర్చుని ముందుకి వంగి కాలి వేళ్లు అందుకోవడం, 30 సెకన్లలో కర్ల్‌అప్స్, పుషప్స్ అన్నీ కావాలి. ఫిట్‌నెస్ అంటే ఊపిరి, గుండె, కండ, కీళ్లు వంగడం. వాటిలో ఒక్కటి కూడా ఎత్తు, బరువుల్లోంచి రాదు.

అలాగని నేను బీఎంఐని చెత్తబుట్టలో వేయమనడం లేదు. లక్షల మందిని తూచి ఊరి సంగతో రాష్ట్రం సంగతో చెప్పాలంటే ఇంత చవకైన కొలత ఇంకోటి లేదు. ఒక తూకం, ఒక టేపు చాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో 36 శాతం మందికి బీఎంఐ 25 గానీ ఆపైన గానీ ఉందని తేలింది. ఆ అంకె చూసి ప్రభుత్వం కంగారుపడాల్సిందే. స్కూల్లో కూడా, బీఎంఐ మరీ తక్కువున్న ఆడపిల్లని ఆ లెక్క పట్టిచ్చి, రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తక్కువని బయటపడ్డ సందర్భాలు నాకున్నాయి. బీఎంఐ 35 దాటిన మనిషి విషయంలో కూడా ఈ లెక్క పెద్దగా తప్పదు. మధ్యలో ఉన్నవాళ్ల దగ్గరే, అంటే 20 నుంచి 28 దాకా ఉన్న నాలాంటివాళ్లు, మావారిలాంటివాళ్ల దగ్గరే, అది మనిషిని చూడకుండా మాట్లాడుతుంది.

మావారి సంగతికి వస్తాను. మిషన్ రోజూ ఆకుపచ్చ చూపిస్తుంటే ఆయన "నాకేంటి, 91 మార్కులు" అని పొద్దున్న నడక మానేశారు. కార్తీకమాసంలో రాత్రిపూట మూడునాలుగుసార్లు లేవడం మొదలైంది. కాలి బొటనవేలి దగ్గర చిన్న గాయం మూడు వారాలైనా మానలేదు. నేను పోరుపెట్టి తీసుకెళ్లాను. రెండుమూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 7.4. షుగర్.

ఆ డాక్టరుగారు ఆయన్ని తూకం ఎక్కించకముందే డ్రాయర్లోంచి దర్జీ టేపు తీసి పొట్ట చుట్టూ కొలిచారు. ఊపిరి వదిలేయమన్నారు, బిగబట్టనివ్వలేదు. 93 సెంటీమీటర్లు. "మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 దాటకూడదండి మన దేశంలో. ఇంకో గుర్తు, నడుము ఎప్పుడూ ఎత్తులో సగానికి తక్కువుండాలి. మీ ఎత్తులో సగం 86" అన్నారు. మావారు వెంటనే "నా బీఎంఐ 21 అండి" అన్నారు. అందుకాయన చెప్పిన సంగతి నేను ఇంటికొచ్చాక మళ్లీ వెతికి చదువుకున్నాను.

పుణెలో కేఈఎం ఆసుపత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ అని ఇద్దరు పరిశోధకులు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఫోటో ఒకటి వేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. ఇద్దరి ఇంటిపేర్లూ ఇంగ్లీషులో వై అక్షరంతో మొదలవుతాయి కాబట్టి దానికి వై-వై పారడాక్స్ అని పేరొచ్చింది. మన వాళ్లలో చేతులు కాళ్లు సన్నగా ఉండి, కండ తక్కువై, కొవ్వు పొట్టలో లోపలి అవయవాల చుట్టూ చేరే తత్వం ఎక్కువ. అందుకే భారతీయులకి 25 దాకా ఆగకుండా 23 దగ్గరే జాగ్రత్త పడాలని మన దేశ నిపుణులు 2009లో హద్దులు దించారు. నేను కొన్న యాప్ మాత్రం ఇప్పటికీ 25 దగ్గరే గీత గీస్తోంది. మన దేశంలో అమ్మే వస్తువుకి మన హద్దులు పెట్టకపోవడం నాకు కోపం తెప్పించిన విషయం. 23 పెట్టినా మావారి 21.6 ఆకుపచ్చే అనుకోండి. ఆ టేపు లేకపోతే ఆయన ఇంకో ఏడాది ఆ 91 మార్కుల మీద కూర్చునేవారు.

నా నడుము కూడా అదే రోజు కొలిపించుకున్నాను. 78. ఎత్తులో సగం 79. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అన్నీ చేయించాను, బాగానే ఉన్నాయి. నాకు ఒంట్లో కొవ్వు లేదని చెప్పడం లేదు. మోకాళ్ల కోసం రెండుమూడు కిలోలు తగ్గితే మంచిదని డాక్టరుగారే అన్నారు, తగ్గుతాను. కానీ మా ఇద్దరిలో జాగ్రత్త పడాల్సిన మనిషెవరో ఈ మిషన్ తలకిందులుగా చెప్పింది.

ఇంకో విషయం రాయకుండా ఉండలేను, అసలు ఈ రివ్యూ రాస్తున్నదే దానికోసం. మా అమ్మాయికి పదహారేళ్లు. షాట్‌పుట్ వేస్తుంది. 160 సెంటీమీటర్లు, 66 కిలోలు. దాని భుజాలు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. తను కూడా యాప్‌లో పేరు పెట్టుకుంది. 25.8, నారింజ. అప్పటినుంచి రోజూ పొద్దున్న, రాత్రి ఎక్కేదట, నాకు తెలియదు. దసరా సెలవులయ్యాక ఒకరోజు దాని లంచ్‌బాక్స్ తోముదామని చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. మూత తీశాను. పొద్దున్న పెట్టిన పులిహోర పెట్టినట్టే ఉంది, పైనున్న వేరుశెనగ గుళ్లు కూడా కదల్లేదు. అడిగితే ఆకలి లేదంది. మర్నాడూ అంతే. మూడో రోజు గ్రౌండ్‌లో షాట్ వేస్తుంటే చూశాను. మూడు కిలోల గుండు, ఎప్పుడూ 9.80 మీటర్ల దగ్గర పడేది, 9.10 దగ్గర పడింది. రిలీజ్ దగ్గర మోచేయి జారిపోతోంది. పక్కన కూర్చోబెట్టి అడిగితే ఫోన్ తీసి ఆ గ్రాఫ్ చూపించింది. "అమ్మా, ఇంకా ఆరెంజ్‌లోనే ఉన్నాను" అని ఏడ్చేసింది.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకి పెద్దవాళ్ల బీఎంఐ హద్దులు వాడకూడదు. వాళ్లకి వయసుని బట్టి, ఆడా మగా బట్టి వేరే పట్టికలున్నాయి. ఏ పిల్లల డాక్టర్ని అడిగినా చెప్తారు. ఈ యాప్ పుట్టినతేదీ అడిగింది, పదహారేళ్లని దానికి తెలుసు, అయినా పెద్దవాళ్ల రంగే వేసింది. పైగా ఎత్తు, బరువు, ఫోన్ నంబరు అన్నీ తీసుకున్నాక "21 రోజుల్లో 5 కిలోలు తగ్గండి" అని పౌడర్ డబ్బాల ఆఫర్లు పంపింది. ఆ మెసేజ్‌లు మా అమ్మాయి ఫోన్లో పదకొండు ఉన్నాయి, నేను లెక్కపెట్టాను. ఆ రాత్రే దాని పేరు యాప్‌లోంచి తీసేశాను. మర్నాడు ఇద్దరం గ్రౌండ్‌కి వెళ్లి 600 మీటర్లు పరిగెత్తించి టైమ్ తీశాను, పుషప్స్ లెక్కపెట్టాను, నడుము కొలిచాను. అవి ఒక నోట్‌బుక్‌లో రాసిచ్చాను, ఇక నుంచి నీ అంకెలు ఇవే అని. మళ్లీ కడుపునిండా తినడానికి మూడు వారాలు పట్టింది. జనవరిలో 9.95 వేసింది. ఇంట్లో టీనేజీ పిల్లలుంటే, ముఖ్యంగా ఆడపిల్లలుంటే, యాప్‌లో వాళ్ల పేరు పెట్టకండి. బతిమాలి చెప్తున్నాను.

బీఎంఐ ఒక్కటే చూసి మనిషిని తేల్చకూడదని నేనొక్కదాన్నే అనడం లేదు. 2023లో అమెరికన్ మెడికల్ అసోసియేషనే దాన్ని మిగతా కొలతలతో కలిపి వాడాలని తీర్మానించింది. 2025 జనవరిలో లాన్సెట్ తరఫున వేసిన నిపుణుల బృందం కూడా, బీఎంఐతో పాటు నడుము కొలత లాంటిది ఇంకోటి చూసి, ఒంట్లో అవయవాల పని దెబ్బతిందో లేదో గమనించాకే ఊబకాయాన్ని జబ్బు అనాలని చెప్పింది. డాక్టర్లు ఇంత ఆలోచిస్తుంటే 1,399 రూపాయల అద్దం పలక మూడు సెకన్లలో రంగు వేసేస్తోంది.

కొనాలా వద్దా అంటే, బరువు కోసం అయితే కొనండి. కానీ ఏడెనిమిది వందల్లో యాప్ లేని మామూలు డిజిటల్ మిషన్ వస్తుంది, అదీ అంత బాగానే తూస్తుంది. మిగిలిన డబ్బులో ఇరవై రూపాయలు పెట్టి టైలర్ షాపులో టేపు కొనుక్కోండి. కొలిచేటప్పుడు చొక్కా మీద నుంచి కాదు, ఒంటి మీద. కింది పక్కటెముకకి, తుంటి ఎముక పైభాగానికి మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక. టేపు ఒంట్లోకి నొక్కుకోకూడదు, జారకూడదు. ప్యాంటు సైజు నడుము కొలత కాదు, మావారి ప్యాంటు ఇరవై ఏళ్లు అలాగే ఉంది, పొట్ట దానిమీదుగా బయటికొచ్చింది. దమ్ము తెలియాలంటే ఆగకుండా మూడంతస్తులు ఎక్కి, పైకి వెళ్లాక ఒక వాక్యం తడబడకుండా చెప్పగలరో లేదో చూసుకోండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టుకోండి. నెల తర్వాత మళ్లీ లెక్కపెట్టుకోండి.

స్టార్లు ఇవ్వమంటే తూకానికి ఐదుకి నాలుగున్నర, యాప్‌కి ఒకటి. స్కూల్లో కబడ్డీ సెలక్షన్లకి వయసుతో పాటు బరువు పరిమితి కూడా ఉంటుంది కాబట్టి, ఆ సీజన్లో మిషన్‌ని బండి మీద స్కూల్‌కి తీసుకెళ్తాను. అక్కడ పిల్లలకి కిలోలు తప్ప ఇంకేమీ కనపడదు. ఇంట్లో ఉన్నప్పుడు మంచం కింద ఉంటుంది, ఫోన్లో యాప్ తీసేశాను.

మావారు ఇప్పుడు రోజూ అయ్యకోనేరు గట్టు చుట్టూ నడుస్తున్నారు, వారానికి మూడు రోజులు నేను రబ్బరు బ్యాండ్లతో, ఐదు కిలోల డంబెల్స్‌తో వ్యాయామం చేయిస్తున్నాను. రాత్రి అన్నం బదులు రెండు జొన్న రొట్టెలు, పప్పు, కూర. వంటింట్లో వెంకట్రామా క్యాలెండర్ మీద ప్రతి ఆదివారం గడిలో ఆయన బరువు, పక్కనే నడుము కొలత రాస్తున్నాను. మొన్న ఆదివారం నడుము 88, ఎత్తులో సగానికి ఇంకా రెండు సెంటీమీటర్లు ఎక్కువ. హెచ్‌బీఏ1సీ 6.6కి దిగింది. మూడంతస్తులు ఆగకుండా ఎక్కుతున్నారు. బరువు మాత్రం 63.1. బీఎంఐ కడితే 21.3. అప్పుడు 21.6. ఆ యాప్‌ లెక్కలో ఈ నాలుగు నెలల్లో ఆయన ఒంట్లో ఏమీ జరగలేదు.